పేడ మీద మొలిచిన పెళ్ళి

మా నాన్నకీ గిటిన్స్ మాస్టారికీ మాటలు ఆగిపోయింది ఒకే ఒక్క మాట వల్ల. ఆ మాటకి అర్థం పేడ మీద మొలిచేది అని. ఇంత చిన్న సంగతికి ఇద్దరు పెద్దమనుషులు ఏళ్ళ తరబడి మొహాలు తిప్పుకుని బతుకుతారా అని మీరు అడిగితే, మీరెప్పుడూ మా ఆష్‌వర్డిన్‌లో కాపురం ఉండలేదని నాకు తెలిసిపోతుంది. ఇక్కడ పక్కింటి పిల్లి తుమ్మిందని కోర్టుకెక్కినవాళ్ళున్నారు.

మా ఊళ్ళో పుట్టగొడుగుల క్లబ్బు ఉంది. ష్రాప్‌షైర్‌లో వానకి కొదవ లేదు కాబట్టి పుట్టగొడుగులకీ లేదు, వాటి పిచ్చి పట్టినవాళ్ళకీ లేదు. ఏటా అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే బుట్టలు పట్టుకుని అడవి మీద పడతాం. మధ్యాహ్నానికి తడిసి ముద్దయి గ్రేహౌండ్ పబ్బు మేడ మీదికి చేరతాం. అక్కడ మాంసం, ఆపిల్ టార్టు, ఆపిల్ కల్లులాంటి సైడరు. తిండికి ముందు అసలు తంతు ఒకటుంటుంది. మన జిల్లాలో ఎవరూ చూడని పుట్టగొడుగు ఎవరికైనా దొరికితే, వాళ్ళు లేచి నిలబడి దాని లక్షణాలన్నీ లాటిన్ మాటల్లో చెప్పాలి. వింటున్నవాళ్ళం ప్రతి మాటకీ పిడికిలి ఎత్తి, ఆ మాటలో ఏ అక్షరాన్ని ఒత్తాలో సరిగ్గా అక్కడ బల్ల మీద గుద్దాలి.

నవ్వకండి. క్లబ్బు పెట్టిన మొదటి అధ్యక్షుడికి బ్రహ్మచెవుడు. మాటని ఎక్కడ ఒత్తారో ఆయనకి బల్ల అదిరితే గాని తెలిసేది కాదట. ఆయన నేను పుట్టకముందే పోయారు. గుద్దుడు మాత్రం పోలేదు. అందరి పిడికిళ్ళూ ఒక్క చప్పుడుగా పడితే ఆ పుట్టగొడుగుని క్లబ్బు ఒప్పుకున్నట్టు. వడగళ్ళు పడ్డట్టు తలా ఒకచోట పడితే ఒప్పుకోనట్టు. ఇంకో నియమం కూడా ఉంది. ఎత్తిన పిడికిలిని మాట బయటికి వచ్చేదాకా దించకూడదు. దించితే చెప్పేవాడిని అవమానించినట్టే.

ఇక ఆ మాట. ఫిమికొలస్. నాలుగు ముక్కలు, ఫి, మి, కొ, లస్. ఫిముస్ అంటే లాటిన్‌లో పేడ. మిగతాదంతా కాపురం ఉండటం. పేడ మీద కాపురం పెట్టినది అని మొత్తం అర్థం. మా ఇంగ్లీషులో ఏ మాటలోనైనా ఒకచోట బరువు వేసి తొక్కాలి. తప్పుచోట తొక్కితే మెట్టు తప్పినట్టుంటుంది. మా నాన్న మొదటి ముక్కని తొక్కుతారు, ఫ్ఫిమికొలస్ అని. గిటిన్స్ మాస్టారు రెండోదాన్ని, ఫిమ్మికొలస్ అని. గొడవంతా ఇదే. ఇంతకు మించి ఏమీ లేదు.

మా నాన్న జేబెజ్ బెడోస్‌కి ఊరి నడిబొడ్డున ఇనప సామాన్ల కొట్టు. ఆబ్రే గిటిన్స్ గారు బడిలో లాటిన్ చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే బెత్తం. ఒక అక్టోబరులో నాన్న గుర్రప్పేడ మీద మొలిచినదాన్నొకదాన్ని తెచ్చి, లేచి, గొంతు సవరించుకుని ఆ మాట అన్నారు. గది గదంతా మొదటి ముక్క మీద గుద్దింది, ఒక్క మాస్టారు తప్ప. ఆయన పిడికిలి ఒక అర క్షణం తరవాత, నింపాదిగా, ఒంటరిగా పడింది.

"ఏం ఆబ్రే, చెయ్యి తిమ్మిరెక్కిందా?" అన్నారు నాన్న.

"నా చెయ్యి బాగానే ఉందోయ్. నీ మాటే కుంటుతోంది. చివరినుంచి రెండో ముక్క పొట్టిదైతే బరువు దాని ముందుదాని మీద పడుతుంది. నేను చెప్పడం కాదు, రోమన్లు చెప్పారు."

"పేడ ముందుంది కాబట్టి ముందే ఒత్తాలి. అయినా రోమన్లు ఎప్పుడైనా నా కొట్లో మేకులు కొన్నారా, వాళ్ళ మాట వినడానికి?"

"వాళ్ళు కట్టినవి ఇంకా నిలబడి ఉన్నాయి. నీ మేకులతో కట్టిన మా కోళ్ళగూడు పడిపోయింది."

కోళ్ళగూడు మాట అనకుండా ఉండాల్సింది. నాన్న ఆ పూట టార్టు కూడా ముట్టకుండా దిగి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాదికి క్లబ్బు రెండు బల్లలైంది. పొయ్యి దగ్గరి బల్ల మొదటి ముక్క వాళ్ళది, కిటికీ దగ్గరి బల్ల రెండో ముక్క వాళ్ళది. నిజం చెప్పాలంటే సగంమంది చలికి తట్టుకోలేక మొదటి ముక్కలో చేరారు. అప్పటినుంచి పేడ మీద మొలిచినది ఏది తెచ్చినా పిడికిళ్ళు రెండు చోట్ల పడేవి, క్లబ్బు ఒప్పుకునేది కాదు. మీ జిల్లాలో పశువులు పేడ వేయడం మానేశాయా అని పక్క జిల్లా క్లబ్బువాళ్ళు మర్యాదగా ఉత్తరం రాశారు.

నాకు ఇందులో ఏ ముక్కతోనూ పని లేకపోయేది, హంఫ్రీ లేకపోతే.

నా పేరు థర్జా. నాన్న కొట్టు పక్కనే నాకు ఉన్ని కొట్టు ఉంది. హంఫ్రీ విటాల్ మా ఊరి పశువుల డాక్టరు. తల్లి పోయాక మేనమామే పెంచి చదివించాడు. ఆ మేనమామ గిటిన్స్ మాస్టారే, ఇంకెవరు? నా అదృష్టం అలాంటిది. హంఫ్రీ నెలల తరబడి వారం వారం వచ్చి ఉన్ని కొన్నాడు. అతనికి అల్లడం రాదు. ఎవరికని అడిగితే చెవులదాకా ఎర్రబడి, "గొర్రెకి" అన్నాడొకసారి. గొర్రెకి ఉన్ని ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు గుమ్మంలో నిలబడి, టోపీ నలుపుతూ, "థర్జా గారూ, ఇంట్లో ఉన్ని పెట్టడానికి ఇంక చోటు లేదండి. మీరే వచ్చి సర్దాలి" అన్నాడు.

అది పెళ్ళి మాట అని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక, సర్దుతానన్నాను. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆలోచించుకుని చెబుతాననే వయసు కాదు.

ఒక్కటే కోరిక. అమ్మ లేదు. నాన్న చెయ్యి పట్టుకుని చర్చిలో నడవాలి. అటు హంఫ్రీకి మాస్టారు తప్ప ఎవరూ లేరు, ఆయన కూడా ఉండాలి. ఇద్దరూ లేకుండా నేను చేసుకోనని మొండికేశాను. నాన్నతో చెబితే, "ఆబ్రే అడుగుపెట్టిన చర్చిలో నేను పెట్టను. ఊళ్ళో మెథడిస్టుల ప్రార్థన మందిరం కూడా ఉంది, వాడిని అక్కడ కూర్చోమను" అన్నారు. మాస్టారు హంఫ్రీతో ఇంకా మర్యాదగా అన్నారు, "నాయనా, నేను ఇంట్లోంచే దీవిస్తాను" అని. నాకు ఏడుపొచ్చింది. పేడ కోసం నా పెళ్ళి ఆగిపోవడమేమిటని కోపం కూడా వచ్చింది, కోపమే ఎక్కువ వచ్చింది.

ఆ సెప్టెంబరులో హంఫ్రీ వైద్యానికి ఉంచుకున్న ఒక పొట్టి గుర్రం వేసిన పేడ మీద, అగ్గిపుల్ల తలంత తెల్లటి పుట్టగొడుగులు మొలిచాయి. జిల్లాలో ఎవరూ చూడనివి. ఈ మనిషి ఆనందం పట్టలేక సాయంత్రానికల్లా ఊరందరికీ చెప్పేశాడు.

"హంఫ్రీ, మీకు బుద్ధుందా?" అన్నాను. "విందులో ఆ మాట మీరే చెప్పాలి. అందరి ముందూ. మా నాన్న ముందు, మీ మామయ్య ముందు."

అతని మొహంలో ఆనందం మెల్లగా దిగిపోయింది. "ఆ సంగతి తట్టలేదండి."

పెద్దవాళ్ళిద్దరికీ మాత్రం వెంటనే తట్టింది. మర్నాడే నాన్న అతన్ని కొట్లోకి పిలిచి, చేతికి సుత్తి ఇచ్చి, ఒక చెక్క ముందు నిలబెట్టారు.

"చూడబ్బాయ్. మేకుకి మొదటి దెబ్బ గట్టిగా పడాలి. తరవాతవి ఊరికే అలా అలా. ఫ్ఫి, మి, కొ, లస్. ఊఁ, కొట్టు."

హంఫ్రీ కొట్టాడు. మేకు వంకరపోయింది.

"పరవాలేదు, ఇంకోటి తీసుకో. మా అల్లుడవుదామనుకునేవాడు మా ఇంటి ఒత్తే ఒత్తుతాడని నాకు తెలుసులే. ఒత్తుతావుగా?"

"అలాగేనండి" అన్నాడు హంఫ్రీ.

సాయంత్రం ఇంటికి వెళితే మాస్టారు అతన్ని వరండాలో అటూ ఇటూ నడిపించారు. రెండో అడుగు దగ్గర చేతికర్రతో నేలని పొడవడం, ఫి, మ్మి, కొ, లస్. కోళ్ళన్నీ బెదిరి కంచె దాటిపోయాయట.

"నిన్ను పెంచినందుకు నేనేమీ అడగను నాయనా. ఈ ఒక్కటీ సరిగ్గా అను చాలు."

"అలాగే మామయ్యా" అన్నాడు హంఫ్రీ.

ఇది తెలిసి నేను ఒంటికాలి మీద లేచాను. "ఇద్దరికీ మాటిచ్చేశారా? ఒక నోటితో రెండు రకాలుగా ఎలా అంటారు?"

"పెద్దవాళ్ళు కదండీ, అలా మొహం మీద అడుగుతుంటే కాదని ఎలా అనను?" అని నీళ్ళు నమిలాడు. "ఆవులైతే ఇంత ఇబ్బంది పెట్టవు."

ఆ పైన రోజూ సాధనే. పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా. పాలు పిండేవాళ్ళు చెప్పారు, డాక్టరుగారు గేదెల్లా బలిసిన ఆవుల చెవుల్లో ఏదో గొణుగుతూ తిరుగుతున్నారని. ఆఖరికి ఆ మాట అతని నోట్లో నాని నాని రూపం పోగొట్టుకుంది. నన్ను టీకి పిలిచి ఒకసారి అనబోతే "కొలిమిఫస్" అని వచ్చింది. ఇద్దరం కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నాం.

విందు రోజు వచ్చింది. వాన కూడా వచ్చింది. మేడ మెట్లెక్కి చూద్దును కదా, గదిలో రెండు బల్లలు లేవు. పబ్బు నడిపే టిప్టనమ్మ ఒక బల్లని చర్చి సంతకి అరువిచ్చి, మిగిలిన ఒక్క పొడవాటి చెక్కని కర్రకాళ్ళ మీద పరిచింది. "ఏమమ్మా ఇది?" అంటే, "మీ ఒత్తుల కోసం నేను కొత్త బల్లలు చేయించనా? కూర్చుంటే కూర్చోండి, లేదంటే మాంసం కుక్కలకి వేస్తాను" అంది. అందరూ కూర్చున్నారు. ఒక పక్క పొయ్యి వాళ్ళు, ఎదురుగా కిటికీ వాళ్ళు. పెద్దరికం వల్ల నడిమి కుర్చీలు నాన్నకీ మాస్టారికీ వచ్చాయి, ఎదురెదురుగా. నాన్న మాస్టారి తల పైనున్న గోడకేసి చూస్తున్నారు, మాస్టారు నాన్న తల పైనున్న గోడకేసి చూస్తున్నారు.

వాళ్ళిద్దరి మధ్య, చీజ్ పళ్ళెంలో, గాజు మూత కింద, హంఫ్రీ తెచ్చిన పేడ.

హంఫ్రీ లేచాడు. టోపీ లేకపోవడంతో చేతులకి ఏం పని చెప్పాలో తెలియక జేబురుమాలు నలుపుతున్నాడు. మొదటి మాటలు బాగానే చెప్పాడు. గొడుగు ఆకారం, కాడ పొడవు, నూగు. పిడికిళ్ళు లేచి, ఒక్క చప్పుడుగా పడుతున్నాయి. గరిటెలు ఎగురుతున్నాయి. ఇక మొలిచే చోటు చెప్పాలి.

పిడికిళ్ళన్నీ లేచాయి. ఎప్పటికన్నా ఎత్తుగా లేచాయి.

హంఫ్రీ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మూసి, మళ్ళీ తెరిచాడు. నా వైపు చూశాడు. ఆ చూపు చూడగానే నాకు తెలిసిపోయింది. ఈ మనిషి ఆలోచించడం లేదు. మాట మొత్తంగా మర్చిపోయాడు.

పిడికిళ్ళన్నీ గాలిలోనే ఉన్నాయి, దించడానికి లేదు కదా. చర్చి పాదిరి వికారు గారి భార్య మిసెస్ లవ్‌డే ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని నిలబెట్టుకుంది. ఎవరో వెనక మూలిగారు. నా చెయ్యే లాగేస్తోంది, ఇక నాన్న సంగతి చెప్పాలా? కిందటేడు కొట్లో నిచ్చెన మీంచి పడి భుజం దెబ్బతిన్నారు. ఆ చెయ్యి వణకడం మొదలైంది. మొహం ఎర్రబడింది. దించమంటే ప్రాణం పోయినా దించరు, పైగా ఆబ్రే ఎదురుగా.

అప్పుడు మాస్టారి చూపు గోడ మీంచి దిగింది. నాన్న మోచేతి మీద ఆగింది. ఆయన తన పిడికిలి ఎత్తే ఉంచి, రెండో చేత్తో కుర్చీకి ఆనించిన చేతికర్రని తీసి, బల్ల మీదుగా, సైడరు గ్లాసుల మధ్యనుంచి, పేడ పళ్ళెం పక్కనుంచి నెమ్మదిగా జరిపి, దాని కొనని నాన్న మోచేతి కింద ఆనించారు. రెండో కొన వదలకుండా పట్టుకున్నారు. మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

నాన్న ఆ కర్రకేసి చూశారు. తోసేస్తారనుకున్నాను. తోయలేదు. బరువంతా దాని మీద వేశారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చెయ్యి పైన ఉంది.

హంఫ్రీ కూడా అది చూసినట్టున్నాడు.

"పేడ" అన్నాడు. "పేడ మీదండీ. అంతే."

మా ఇంగ్లీషులో పేడని డంగ్ అంటారు, ఒక్కటే ముక్క. అందులో ఒత్తడానికి రెండో చోటంటూ లేదు. నొప్పితో తెగడానికి సిద్ధంగా ఉన్న చేతులన్నీ ఆ ఒక్క ముక్క మీద ఒక్కసారిగా పడ్డాయి. అలాంటి దెబ్బ ఆ బల్ల ఎన్నడూ ఎరగదు. చెక్క లేచింది, గాజు మూత దొర్లింది, పేడ ఎగిరి మాస్టారి సైడరు గ్లాసులో సగం, నాన్న కోటు మీద సగం పడింది.

నాన్న కోటు మీదినుంచి ఒక తెల్లటి పుట్టగొడుగుని తీసి, పరీక్షగా చూసి, ఎదురుగా ఉన్న మనిషిని అడిగారు.

"ఆబ్రే, ఇప్పుడు వీడన్నది లాటినా?"

"కానే కాదు."

"మనం ఒప్పుకోవాలా?"

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఒప్పుకోను."

"నేనూ అదే అంటున్నాను" అన్నారు నాన్న.

మిసెస్ లవ్‌డే చెయ్యి రుద్దుకుంటూ, "పిడికిళ్ళన్నీ ఒకేసారి పడ్డాయి కదా, నియమం ప్రకారం..." అంది. ఇద్దరూ ఒకే గొంతుతో ఆమె మీద పడ్డారు. తరవాత ఇద్దరూ కలిసి హంఫ్రీ మీద పడ్డారు. పేడట, క్లబ్బు పుట్టినప్పటినుంచి ఇంత నాటు మాట ఈ గదిలో ఎవరైనా అన్నారా, నేను సుత్తి ఇచ్చి నేర్పాను, నేను వరండా అరిగేలా నడిపించాను, ఏమిటీ నువ్వూ నేర్పావా, నీకూ మాటిచ్చాడా, నాకూ ఇచ్చాడు, చూశావా ఎంత దొంగో. అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూ, సైడరు తాగితే గాని ఇది మింగుడుపడదని, ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. మాస్టారి కర్ర నాన్న చేతిలో ఉంది. మాస్టారు నాన్న భుజం పట్టుకుని దిగుతున్నారు, దెబ్బ తగలని భుజం.

హంఫ్రీ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "అంతా పాడుచేశానండి. నిజంగా మర్చిపోయాను. ఎదురుగా ఆవు ఉంటే గుర్తొచ్చేదేమో."

"నోరు మూసుకుని టార్టు తినండి" అన్నాను. బల్ల కింద అతని చెయ్యి పట్టుకున్నాను.

క్లబ్బు ఆ పుట్టగొడుగుని ఒప్పుకోలేదు. ఇద్దరు పెద్దలూ కలిసి అడ్డుపడితే ఎవరు నెగ్గగలరు? ఇక ఆ మాట ఎక్కడ ఒత్తాలన్న గొడవ ఇంకా తేలలేదు. కాకపోతే ఇప్పుడు మాట్లాడుకుంటూ పోట్లాడుకుంటున్నారు, వారానికి రెండు సాయంత్రాలు, మా పొయ్యి ముందే. పెళ్ళికి మాస్టారు వస్తారా అని భయంభయంగా నాన్నని అడిగాను.

"రాక? అలాంటి దద్దమ్మకి పిల్లనిస్తున్నాను, నాకు తోడు ఎవరో ఒకరుండద్దూ?" అన్నారు.

వసంతంలో, గొర్రెలు ఈనే కాలం అయ్యాక చేసుకున్నాం. నాన్న చెయ్యి పట్టుకుని నడిచాను. నన్ను అప్పగించి ఆయన వెళ్ళి ముందు వరస బల్లలో కూర్చున్నారు. మాస్టారు పెళ్ళికొడుకు వైపు కూర్చోవాలి కదా, కూర్చోలేదు. "లాటిన్ మర్చిపోయినవాడి తరఫున కూర్చోలేను, నేను అమ్మాయి తరఫు" అని వచ్చి నాన్న పక్కన సర్దుకున్నారు.

వికారు గారు హంఫ్రీని అడిగారు, ఈమెని భార్యగా స్వీకరిస్తావా అని.

హంఫ్రీ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఈసారి ఎవరి వైపు చూడాలో తెలియక వెనక్కి తిరిగాను. ముందు బల్లలో రెండు పిడికిళ్ళు గాలిలోకి లేచి ఉన్నాయి. నాన్న మోచేతి కింద చేతికర్ర ఉంది. ఇద్దరూ హంఫ్రీకేసి గుడ్లురిమి చూస్తున్నారు.

"స్వీకరిస్తాను" అన్నాడు హంఫ్రీ.

బల్ల ఒక్కసారే మోగింది.